బకెట్టు మూత మీద మూడంకెలు

మా ఆవకాయ సీసా మీద ఎర్ర అక్షరాల్లో ఒక మాట ఉండేది: "నిల్వ ఉంచే రసాయనాలేవీ కలపలేదు." ఆ మాట నా చేత్తో రాసి ప్రెస్సుకి ఇచ్చాను. రాసిన రోజున అది అక్షరాలా నిజం. 2022 మే నెలలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు గారు మా షెడ్డులోంచి అల్లం ఆవకాయ సీసాలు శాంపిల్‌కి పట్టుకెళ్ళేనాటికి అది అబద్ధమైపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి, నోటీసు వచ్చి, వాయిదాలకు తిరిగి, జరిమానా కట్టేసరికి పదకొండు నెలలు పట్టింది.

పచ్చళ్ళో పొడులో అరిసెలో ఇంట్లోనే మొదలుపెట్టి, అమ్మకం పెరిగాక "లైసెన్సుకి ఏం చేయాలండీ" అని నాకు ఫోన్ చేసే ఆడవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఫోన్లో సగమే చెప్పగలుగుతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు మొత్తం రాస్తున్నాను.

మాది గోదావరి డెల్టాలో చిన్న ఊరు. మా అత్తయ్య పెట్టిన ఆవకాయ తిన్నవాళ్ళు మాకూ పెట్టివ్వమని అడుగుతుంటే, 2017 వేసవిలో ఇంటికి కావలసిన దానికి పైన ముప్పై కిలోలు పెట్టాం. మరుసటి ఏడు అది రెండు వందల కిలోలైంది. కొలతలు అత్తయ్యవి, చేతులు నావీ మా తోటికోడలివీ. తోటికోడలు ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. కాయ చేత్తో పట్టుకుని పీచెంతో పులుపెంతో చెప్పేయగలదు. మిరపకాయ తొడిమ విరిచి వాసన చూసి అది పోయినేడాది సరుకో కాదో పట్టేస్తుంది. అందుకని బజారు పని తనది. నేను డిగ్రీ చదివాను కాబట్టి కాగితాల పని నాది. ఈ పంపకం బాగుందనే అనుకున్నాం.

2019లో మొదటి కాగితం తీసుకున్నాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద, ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్నవాళ్ళకు అప్పట్లో రిజిస్ట్రేషన్ చాలు. ఏడాదికి 100 రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా ఇస్తే 14 అంకెల నంబరు వచ్చేసింది. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయాను. ఆ నంబరుతో, అత్తయ్య పేరుతో, ముచ్చటగా తెలుగులో లేబుల్ వేయించాం. రెండు వేల స్టిక్కర్లు.

ఆ లేబుల్ చెల్లదని ఆర్నెల్ల తరవాత తెలిసింది. పొట్లం మీద ఉండాల్సిన వివరాలు ఇంగ్లీషులోగానీ, దేవనాగరి లిపిలో హిందీలోగానీ ఉండాలట. మన భాష అదనంగా వేసుకోవచ్చు, అదొక్కటే ఉంటే చాలదు. గోదావరి నీళ్ళతో పండిన కాయ, గుంటూరు కారం, కొనేవాళ్ళలో నూటికి తొంభై మంది తెలుగువాళ్ళు, పెట్టేవాళ్ళం మేము. ఆ సీసాలో ఏముందో తెలుగులో మాత్రమే చెబితే చట్టం దృష్టిలో చెప్పనట్టే. అప్పుడు బాధపడి ఊరుకున్నాను. ఊరుకోవలసిన విషయం కాదని తరవాత తెలిసింది.

తూనికలు కొలతల శాఖ సంగతి కూడా అప్పుడే తెలిసింది. పచ్చడి తినడానికి పనికొస్తుందా లేదా చూసేది ఒక శాఖ. సీసాలో అరకిలో అంటే నిజంగా అరకిలో ఉందా, ధర రాశారా, తయారుచేసిన నెల, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉన్నాయా చూసేది ఇంకో శాఖ. దానికి 2009 చట్టం, 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు వేరే. సరుకు ప్యాక్ చేసి అమ్మడం మొదలుపెట్టిన 90 రోజుల్లో అక్కడా పేరు నమోదు చేయించుకోవాలి. మా సీసా మీద ఫిర్యాదు నంబరు లేదని చిన్న మొత్తం రాజీ రుసుం కట్టించారు. అది న్యాయమే. సీసా మూత ఊడి నూనె కారిపోతే కొన్నావిడ ఎవరికి చెప్పుకోవాలి?

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మా చుట్టుపక్కల ఎన్నో వ్యాపారాలు మూతపడిన ఆ ఏడాదే మాకు అమ్మకం మూడింతలైంది. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు. ఇక్కడే జీఎస్టీ వచ్చి నిలబడింది. మా రాష్ట్రంలో వస్తువులు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ధైర్యంగా ఉన్నాం. కానీ ఆ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మినంత వరకే. ఒక్క సీసా సరిహద్దు దాటినా, అమ్మకం ఎంత తక్కువైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హైదరాబాదులో ఉన్న మా ఊరి పిల్లకి అరకిలో గోంగూర పంపడం 2014 తరవాత అంతర్రాష్ట్ర వ్యాపారం. ఒక శాతం కట్టేసి ఊరుకునే కాంపోజిషన్ పద్ధతి కూడా పక్క రాష్ట్రానికి అమ్మేవాళ్ళకు లేదు. దాంతో మామూలు రిజిస్ట్రేషన్, పచ్చడి మీద 12 శాతం పన్ను, రిటర్నులు, ఒక అకౌంటెంటు. కొన్నాళ్ళు ఇబ్బంది పడ్డాం, తరవాత అలవాటైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 12 శాతం 5 అయింది. ఆ రోజు మా షెడ్డులో అందరికీ జిలేబీ తెప్పించాను.

అమ్మకం 12 లక్షలు దాటడంతో రిజిస్ట్రేషన్ పోయి రాష్ట్ర లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది. ఇది మాత్రం వంద రూపాయల పని కాదు. షెడ్డు ప్లాను గీయించాలి, యంత్రాల జాబితా ఇవ్వాలి, బోరు నీటి పరీక్ష రిపోర్టు పెట్టాలి, పనిచేసేవాళ్ళందరికీ వైద్య పరీక్ష చేయించాలి, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో ఒక మనిషి పేరు రాసివ్వాలి. ఆ పేరు నాదే ఇచ్చాం. ఒక కన్సల్టెంటు వచ్చి 18,000 అడిగాడు. ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుం మా స్థాయి యూనిట్‌కి ఏడాదికి 3,000. సైటంతా ఇంగ్లీషులో ఉండడం చూసి భయపడి అతనికే ఇచ్చేశాను. అతను ఎక్కించిన కాగితాల్లో "లైసెన్సు షరతులు" అని ఒక జాబితా ఉంది. దాని కింద సంతకం నాది. చదవలేదు.

చదివుంటే అందులో రెండు షరతులు కనిపించేవి. ఒకటి, ఆహార పదార్థాలు లైసెన్సుగానీ రిజిస్ట్రేషన్‌గానీ ఉన్నవాళ్ళ దగ్గరే కొని, ఆ లెక్క రాసి ఉంచాలి. రెండోది, ఆర్నెల్లకోసారి సరుకు ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. రెండోది కన్సల్టెంటు గుర్తుచేశాడు కాబట్టి చేయించాం. మొదటిది ఎవరూ గుర్తుచేయలేదు.

ఇక మే నెల సంగతి. ఆవకాయ రోజులంటే మా షెడ్డులో నడిచే దారి ఉండదు. ఒక పక్క కాయలు తుడుస్తుంటారు, ఒక పక్క కత్తిపీటలు, ఒక పక్క ఆవపిండి జల్లెడ. ఉదయం పదిన్నరకి ఆఫీసరు గారు, వెంట ఒక సహాయకుడు వచ్చారు. గోడ మీది లైసెన్సు చూశారు, కిటికీల జాలీ చూశారు, తలలకు టోపీలు లేవని ఇద్దరికి చెప్పారు. తరవాత అల్లం ఆవకాయ అరకిలో సీసాలు ఒకే బ్యాచ్‌వి నాలుగు తీయమన్నారు.

అల్లం ఆవకాయ మా అత్తయ్య వంట కాదు. మాది ఆవపిండి ఆవకాయ. తెలంగాణ వాళ్ళు మామిడికాయ పచ్చట్లో అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తారు, హైదరాబాదు వాళ్ళు అడిగి అడిగి మా చేత మొదలుపెట్టించారు. బాగా పోయేది.

ఆయన జేబులోంచి డబ్బు తీశారు. "వద్దు సార్, పచ్చడికి డబ్బులేంటి" అన్నాను.

"ఇవ్వాలమ్మా, చట్టం. ఊరికే తీసుకుంటే శాంపిల్ కాదు. రేటు చెప్పండి, రసీదు రాయండి."

నాలుగు సీసాలకూ కాగితం చుట్టి, నంబరున్న చీటీ అడుగు నుంచి పైదాకా అంటించి, పురికొస కట్టి, లక్క ముద్రలు వేశారు. చీటీ మీద సగం, చుట్టిన కాగితం మీద సగం వచ్చేలా నా చేత సంతకం పెట్టించారు. సీసా మార్చారని రేపు నేనూ అనకూడదు, వాళ్ళూ అనకూడదు. ఇంత పద్ధతిగా చేస్తారని నేననుకోలేదు. ఒక సీసా విశ్లేషకుడికి, రెండు పై అధికారి దగ్గర భద్రంగా. "నాలుగోది మీ ఖర్చుతో గుర్తింపున్న ప్రైవేటు ల్యాబ్‌కి పంపమంటే పంపుతాం, అడుగుతారా?" అన్నారు. నవ్వి "అక్కర్లేదు సార్, మా పచ్చడి సంగతి నాకు తెలుసు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో వినిపిస్తుంది.

జూన్ చివర్లో రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. ఇంగ్లీషులో రెండు పేజీలు. నూనె ఉండాల్సినంత ఉంది, ఉప్పు, పులుపు అంతా సరే. ఆఖర్న బెంజోయిక్ ఆమ్లం అనే నిల్వ రసాయనం, కిలోకు 34 మిల్లీగ్రాములు. పచ్చళ్ళలో 250 దాకా వేసుకోవచ్చు, మాదాంట్లో దాని ఏడో వంతు కూడా లేదు. సరుకు ప్రమాదకరం కాదు. కానీ సీసా మీద లేదని రాసి, లోపల ఉంది. కాబట్టి మిస్‌బ్రాండెడ్, అంటే లేబుల్ తప్పు. చట్టం 52వ సెక్షన్, జరిమానా 3 లక్షల దాకా.

మా ఇంట్లో ఆ పేరున్న పొడి ఎప్పుడూ లేదు. ల్యాబ్ వాళ్ళే పొరబడ్డారని ఆ సాయంత్రమంతా అందరితో వాదించాను. ఫిబ్రవరిలో మేం చేయించిన పరీక్షలో ఏమీ రాలేదు కదా, ఆ రిపోర్టు కూడా తీసి టేబుల్ మీద పెట్టాను. రాత్రి భోజనాలయ్యాక తోటికోడలు వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"అక్కా, ఏప్రిల్ నెలాఖర్లో అల్లం తొక్క తీసే ఇద్దరూ పెళ్ళికెళ్ళారు గుర్తుందా? హైదరాబాదు ఆర్డరు మర్నాడు పోవాలి. టౌన్లో హోల్‌సేల్ కొట్లో అల్లం వెల్లుల్లి ముద్ద బకెట్లు రెండు తెచ్చాను. హోటళ్ళన్నీ ఇదే వాడతాయన్నాడు. వాసన చూశాను, బాగానే ఉంది. నీకు చెప్పాను కూడా, నువ్వు కొరియర్ వాళ్ళతో ఫోన్లో ఉన్నావు."

చెప్పిందేమో. నాకు గుర్తులేదు. చెప్పలేదని మాత్రం అనలేను, ఆ రోజుల్లో నేను సగం మాటలు వినేదాన్ని కాదు.

టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాం. బకెట్లు కడిగి నీళ్ళు పట్టుకోవడానికి వాడుతున్నారు. ఒకదాని మూత తొట్టి మీద కప్పి ఉంది. ఆ మూత అంచున, గోరంత ఎత్తు కూడా లేని ఇంగ్లీషు అక్షరాల్లో, అనుమతించిన రెండో తరగతి ప్రిజర్వేటివ్, అంటే నిల్వ రసాయనం ఉందని, పక్కన ఐఎన్‌ఎస్ 211 అని రాసి ఉంది. ఆహారంలో కలిపే రసాయనాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు అది. 211 అంటే సోడియం బెంజోయేట్, ల్యాబ్ రిపోర్టులో బెంజోయిక్ ఆమ్లంగా తేలింది అదే. ముద్ద తయారుచేసినవాళ్ళు ఏమీ దాచలేదు. చట్టం రాయమన్నట్టే, రాయమన్న భాషలోనే రాశారు. ఆ బకెట్టు కొన్నది మాత్రం తెలుగు చదివే మనిషి. ఆ పక్కనే తెలుగులో ఒక్క ముక్క ఉన్నా తను ఆ బకెట్టు ఎత్తేది కాదు. వాసనతో పట్టేయడానికి అది పాత మిరపకాయ కాదు.

తోటికోడలు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఎవరిని ఎవరు ఓదార్చాలో తెలియలేదు. అత్తయ్య మాత్రం మంచం మీంచి ఒకటే అడిగారు: "ఆ ముద్దతో పెట్టిన కాయ ఎవరెవరింటికి వెళ్ళింది?"

అది నాకు తట్టాల్సిన ప్రశ్న. ఆ బ్యాచ్‌లో పంపిన సీసాలు కొరియర్ రసీదుల్ని బట్టి 186. మర్నాటి నుంచి ఫోన్లు మొదలుపెట్టాం. చాలామంది "పర్లేదమ్మా, అంత తక్కువే కదా" అన్నారు. ఒకాయన అనలేదు. ఆయన భార్యకి ఆరోగ్యం బాగోక, అలాంటివేమీ లేని పచ్చడి కావాలనే మా దగ్గర తీసుకుంటున్నారట. "34 అయితేనేం, 340 అయితేనేం? లేదని రాశారు కదండీ" అన్నారు. నేను ఎదురు మాట్లాడలేకపోయాను. డబ్బు తిరిగి పంపాను. ఆయన మళ్ళీ మా దగ్గర కొనలేదు.

రిపోర్టు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. చేస్తే దాచిన సీసాల్లో ఒకటి రెఫరల్ ల్యాబ్‌కి వెళ్తుంది. మేం పెట్టుకున్న వకీలు గారు చేద్దామన్నారు. ఆయన దగ్గర మంచి వాదనే ఉంది. దినుసుల్లోంచి వచ్చిన రసాయనం, సరుకు నిల్వకి ఏమాత్రం పనిచేయనంత కొద్దిగా ఉంటే, దాన్ని దినుసుల జాబితాలో రాయనక్కర్లేదని నిబంధనల్లోనే ఒక మినహాయింపు ఉంది. "జాబితాలో రాయనక్కర్లేదు సరే, ఎర్రక్షరాల్లో లేదని రాసినదాన్ని ఏం చేస్తారు?" అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, "అది అడక్కపోతే బాగుండు అనుకోవాలి" అన్నారు. ఆ ఫోన్లో పెద్దమనిషి మాట నన్ను వదల్లేదు. అప్పీలు వద్దన్నాను. తప్పు జరిగిందని, ఎలా జరిగిందో రాసి, మూత ఫోటో జతచేసి జవాబిచ్చాం. ఉన్న స్టిక్కర్లు నాలుగు వేల చిల్లర, అన్నీ చింపించేశాను.

తరవాత నెలలు నెలలు ఏమీ లేదు. ఆ ఏప్రిల్ 4నే కొత్త జిల్లాలు వచ్చాయి, మా పాత జిల్లా ముక్కలైంది. ఫైలు ఎటు వెళ్ళిందని అడిగితే ఒక చోట అక్కడన్నారు, అక్కడ ఇక్కడన్నారు. ఎవరిదీ దురుద్దేశం కాదు, బల్లలు కుర్చీలు కూడా ఇంకా చేరని ఆఫీసులవి. కానీ మాలాంటివాళ్ళకి జరిమానాకన్నా ఆ ఎదురుచూపే ఎక్కువ నష్టం. బ్యాంకులో షెడ్డు విస్తరణకి పెట్టుకున్న అప్పు కాగితాల్లో "పెండింగు కేసులు" అనే గడి ఉంటుంది. దాంట్లో నిజం రాశాను. అప్పు ఆగిపోయింది. పెద్ద కంపెనీకి ఇలాంటి ఫైలు చూసుకోవడానికి ఒక విభాగం ఉంటుంది, ఇక్కడ కారం కలిపే చేతులే ఆ ఫైలు పట్టుకుని బస్సెక్కాలి.

జనవరిలో పిలుపు వచ్చింది. ఇలాంటి కేసులు కోర్టుకి వెళ్ళవు, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని అధికారి విచారిస్తారు. మాకు జాయింట్ కలెక్టరు గారు. మొదటి వాయిదా ఆయనకి వేరే సమావేశం వచ్చి మారింది. రెండోసారి వకీలు గారు కాగితాలిచ్చారు. మూడోసారి నన్ను మాట్లాడమన్నారు. నోటీసు ఇంగ్లీషులో, నా జవాబు ఇంగ్లీషులో, రాబోయే ఉత్తర్వూ ఇంగ్లీషులోనే. ఆ గదిలో మాట మాత్రం తెలుగులో జరిగింది.

సంచీలోంచి బకెట్టు మూత తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అంచు మీది అక్షరాలు చదివారు.

"ఇది కొన్నదెవరు?"

"మా తోటికోడలండీ. తను ఇంగ్లీషు చదవలేదు."

"బిల్లు ఉందా?"

"లేదండీ. చీటీ మీద రాసిచ్చాడు."

"మీరు చదవగలరు కదమ్మా? షెడ్డులోకి వచ్చిన బకెట్టు మూత మీరెందుకు చూడలేదు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. అంతకుముందు రాత్రి నేను సాధన చేసిన మాటలు వేరే ఉన్నాయి, తెలుగులో రాయాలనీ, చిన్నవాళ్ళకి ఎవరైనా నేర్పాలనీ. ఆ ప్రశ్న ముందు అవేవీ నోట్లోంచి రాలేదు. చివర్న ఒక్కటి మాత్రం అడిగాను: "సార్, మేం సంతకం పెట్టిన షరతులు తెలుగులో ఎక్కడ దొరుకుతాయి?" ఆయన పక్కనున్న ఆఫీసరు గారి వైపు చూశారు. ఆఫీసరు గారు "అవగాహన సమావేశాల్లో చెబుతున్నాం సార్" అన్నారు. ఆ మాట రికార్డులోకి వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

జరిమానా వేసేటప్పుడు తప్పు వల్ల ఎంత లాభపడ్డారు, ఎవరికైనా నష్టం జరిగిందా, మళ్ళీ మళ్ళీ చేస్తున్నారా, తెలియక జరిగిందా అన్నవి చూడాలని 49వ సెక్షన్ చెబుతుంది. ఆ బ్యాచ్ లెక్కలు, మేం చేసిన ఫోన్ల జాబితా, చింపేసిన స్టిక్కర్ల ఫోటోలు అన్నీ ఇచ్చాం. ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. 20,000 రూపాయలు. కట్టకపోతే లైసెన్సు ఆపేస్తారు, భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. వారంలో కట్టేశాను.

మీరు అడుగుతారు, అన్యాయం జరిగిందనుకుంటున్నారా అని. జరిమానా విషయంలో అనుకోవడం లేదు. ల్యాబ్ పట్టుకోకపోతే మా సీసా ఇంకా ఎన్నేళ్ళు అబద్ధం చెబుతూ ఉండేదో. ఆ బకెట్లతో పని తేలికైందని మరుసటి వేసవికి మేం పది తెచ్చుకునేవాళ్ళం. నాకు కోపం వచ్చేది ఇంకో చోట. నంబరు ఇచ్చిన రోజుకీ శాంపిల్ తీసిన రోజుకీ మధ్య మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో మా షెడ్డులో పనిచేసే ఎనిమిది మందిలో ఏడుగురు చదవగలిగే భాషలో ఈ చట్టం నుంచి మాకు ఒక్క కాగితం రాలేదు. మన జిల్లాల్లో వేలమంది ఆడవాళ్ళ జీవనం ఈ పచ్చళ్ళు, పొడులు, పిండివంటల మీద నడుస్తోంది. వాళ్ళ చేతికొచ్చే ప్రతి బకెట్టు, డబ్బా, సంచీ మీద తెలుగు ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు. తెలుగు అదనంగా వేసుకోవచ్చని ఉన్న నిబంధనని, మన రాష్ట్రాల్లో అమ్మే సరుకు మీద వేసి తీరాలని మార్చమని నేను రాతపూర్వకంగా పంపాను. రెండుసార్లు. జవాబు రాలేదు, ఈ వేసవికి మూడోసారి పంపుతాను.

మా వరకు మేం మార్చుకున్నవి చెబుతాను. బిల్లు లేని సరుకు గుమ్మం దాటదు. ప్రతి బిల్లు మీదా అమ్మినవాళ్ళ 14 అంకెల నంబరు ఉండాలి. 2022 జనవరి నుంచి అది బిల్లుల మీద వేయాల్సిందే కూడా. రోజూ బ్యాచ్ పుస్తకం రాస్తాం: కాయ ఎక్కడిది, కారం ఏ బిల్లుది, అల్లం ఎవరు తొక్క తీశారు, ఎవరు నూరారు. మొదట్లో విసుక్కున్నవాళ్ళే ఇప్పుడు రాయకుండా ఇంటికి వెళ్ళరు. అల్లం మేమే నూరుతాం. కిలోకు ఖర్చు పెరిగింది, సీసా రేటు పెంచాం.

షెడ్డు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పట్టిక రాయించాను. 202 పొటాషియం సార్బేట్. 211 సోడియం బెంజోయేట్. 224 పొటాషియం మెటాబైసల్ఫైట్. 260 ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేది. 330 సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు. అంకెలు అందరూ చదవగలరు కదా, ఆ ఐడియా తోటికోడలిదే. తను ఇప్పుడు బజారులో ఏ డబ్బా అయినా తిరగేసి ముందు మూడంకెల కోసం వెతుకుతుంది. కిందటేడు నిమ్మరసం సీసా ఒకటి చూసి, కొట్లోంచే ఫోన్ చేసి "అక్కా, 224 ఉంది, పెట్టేసి వచ్చేస్తున్నా" అంది.

కొత్త లేబుల్ మీద ఎర్ర అక్షరాల మాట తీసేశాను. ఇంగ్లీషులో చట్టం అడిగినవన్నీ ఉన్నాయి. పక్కనే అంతే సైజులో అవన్నీ తెలుగులో ఉన్నాయి, స్టిక్కరుకి అరవై పైసలు ఎక్కువైనా.

మొన్న ఆ తెలుగు పక్క చూసి ఒక పెద్దావిడ వరంగల్ నుంచి ఫోన్ చేశారు. కోడలు తెప్పించిందట, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారట.

"బిడ్డా, అల్లం మీరే నూరిన్రా, డబ్బాల తెచ్చిందా?"

సీసా మీద బ్యాచ్ నంబరు చదవమన్నాను. పుస్తకం తీసి చూశాను. మే 9, శుక్రవారం. అల్లం పద్దెనిమిది కిలోలు, తొక్క తీసింది ముగ్గురు, నూరింది మా తోటికోడలు. ఆవిడకి అలాగే చదివి వినిపించాను.